పిడికెడు బియ్యం, రాయి పాట

మా ఇళ్ళలో ఎసరు మరిగాక, బియ్యం అందులో పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేవాళ్ళం. అది ప్రభువు పాలు. వారమంతా అలా చేరిన బియ్యాన్ని ఆదివారం కొంగున కట్టుకుని గుడికి తీసుకెళ్ళి, ప్రభువు బల్ల ముందు పెట్టిన గంపలో పోసేవాళ్ళం. పూట గడవని ఇంట్లో కూడా ఆ పిడికెడు ఆగేది కాదు. పిడికిలి చిన్నదయ్యేది, అంతే. ఎవరి పిడికిలి ఎంత చిన్నదైందో గంప దగ్గరున్నవాళ్ళకి తెలిసేది గాని ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక ఏడాది, కోతలయినప్పటి నుంచి ఈస్టరు దాకా, ఆ బియ్యం పాదిరిగారి ఇంటికి పోలేదు. ఒక పాటగాడి కోసం ఏరు దాటి బందరు పోయింది. రెండో యుద్ధం ఇంకా రాని రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. బందరులో ట్రైనింగు ముగించుకుని దివిసీమలో, హంసలదీవి వైపు పోయే దారిలో ఉన్న ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మగా చేరి రెండేళ్ళయింది.

ఆ పాటగాడిని మా సీమలో అందరూ పాటలయ్యగారు అనేవారు. కాపురం గుడివాడలో. కూచిపూడి పక్క పొలాల్లో కూలికి వెళ్ళే తల్లి వెంట పెరిగినవాడు. గట్టు మీద కూర్చుని, ఊళ్ళోంచి వినిపించే తాళం చప్పుడుకి తొడ మీద దెబ్బ వేసుకుంటూ తాళం నేర్చుకున్నానని ఆయనే చెప్పేవారు. తర్వాత ఎవరెవరినో బతిమాలి ఫిడేలు పట్టారు. సువార్త కథలు కట్టి, ఫిడేలు వాయిస్తూ, పాడుతూ, మధ్యలో నవ్విస్తూ ఊరూరా చెప్పేవారు. ఆయన కథ పెడితే మా పల్లె వాళ్ళే కాదు, ఊళ్ళోంచి రైతులు, హంసలదీవి నుంచి చేపలు పట్టే పల్లెకారులు, బడి మేష్టర్లు, కరణంగారి ఇంటి ఆడవాళ్ళు కూడా వచ్చి ఎవరి చోటు వాళ్ళు చూసుకుని కూర్చునేవారు. చోట్లు వేరైనా కళ్ళు తుడుచుకోవడం మాత్రం అందరూ ఒక్కసారే.

ఆయన కట్టిన పాటల్లో మాకు ప్రాణం రాయి పాట. ఆదివారం తెల్లవారుజామున ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్తూ, ఆ పెద్ద రాయిని మనకెవరు దొర్లిస్తారని ఒకరినొకరు అడుక్కుంటారే, ఆ ఘట్టం. పల్లవిలో ఆడవాళ్ళ దిగులు. ప్రతి చరణానికీ నడక కొంచెం చురుకవుతుంది. ఆఖరి చరణంలో రాయి దొర్లి ఉంటుంది. ప్రతి ఏడూ ఈస్టరుకు ఆయన మా గుడిలో నిలబడి ఆ పాట పాడాల్సిందే.

మేం మాత్రం ఆ పాటను పాడు చేసేవాళ్ళం. ఇష్టం ఎక్కువై ప్రతి చరణం చివరా సాగదీసేవాళ్ళం. నడక చురుకు కావలసిన చోట బురదలో కాలు దిగబడినట్టు ఆగిపోయేవాళ్ళం. ఆయన ఫిడేలు కమాను ఆపి మా వైపు చూసేవారు.

"ప్రభువు మూడో రోజున లేచాడమ్మా. మీ సాగదీత చూస్తే నాలుగో రోజు వచ్చేట్టుంది."

అందరం నవ్వేవాళ్ళం. మళ్ళీ సాగదీసేవాళ్ళం.

ఆ ఏడాది కోతలు ముగుస్తుండగా ఆయన భార్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మేం ఆవిడని అమ్మగారు అనేవాళ్ళం. పాటలయ్యగారికి టైఫాయిడు జ్వరం పట్టిందనీ, గుడివాడలో తగ్గినట్టే తగ్గి తిరగబెట్టిందనీ, రైల్లో బందరు తెచ్చి ఆసుపత్రిలో చేర్చారనీ రాసింది. ఆఖర్న రెండు ముక్కలు: ప్రాణానికి భయం లేదన్నారు, గొంతు సంగతి చెప్పలేమన్నారు.

అది బుధవారం. ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో కార్డు చదివాను. అందరూ తలలు వంచుకున్నారు. నాకు అది చూస్తూ కూర్చోవడం చేతకాలేదు. చిన్నతనం, చదువుకున్నదాన్నన్న పొగరు, పైగా నిజమైన ప్రేమ, మూడూ కలిసి నన్ను లేచి నిలబడేలా చేశాయి.

"ఈస్టరుకు ఆయన మన గుడిలో నిలబడి రాయి పాట పాడతారు. దేవుడు నాతో చెప్పాడు" అన్నాను.

కొందరు ఆమెన్ అన్నారు. ఒకావిడ ఏడ్చింది. నా పక్కింటి మామ్మ మాత్రం నోట్లో పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుంది. మామ్మ సంఘంలో అందరికన్నా పెద్దది. ఈ పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఒకతె. చదువు రాదు గాని కీర్తనలన్నీ కంఠతా వచ్చు.

"దేవుడికి తేదీ పెట్టావేంటే పంతులమ్మా" అంది ఇంటికి నడుస్తూ.

మర్నాటికి ఆ మాట పల్లె దాటింది. సంఘపెద్ద బడి దగ్గరికి వచ్చాడు. మెత్తని మనిషి. కొత్తగా మారుమనస్సు పొందిన కుటుంబాలు నాలుగుండేవి, వాళ్ళ భారం ఆయన మీదే.

"అమ్మా, ఆ కొత్తవాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఈస్టరుకు ఆయన పాడకపోతే అబద్ధమాడింది దేవుడని చెప్పమంటావా, నువ్వని చెప్పమంటావా?"

దేవుడు నాతో ఏమీ చెప్పలేదు. నా కోరిక నా చెవిలో చెప్పిన దాన్ని నేను దేవుడి మాటగా చెప్పాను. పరలోకం పేరు పెట్టి సొంత మాట చెప్పేవాళ్ళని ప్రవక్తలు ఎంతగా మందలించారో బడి పిల్లలకి నేర్పేదాన్ని నేనే. కాని ఆరోజు ఒప్పుకోలేదు. "పాడతారండి" అన్నాను. అప్పటినుంచి నాకు రెండు భయాలు. ఆయన గొంతు రాదేమోనని ఒకటి, నా మూలంగా నలుగురి విశ్వాసం చెడుతుందేమోనని ఇంకొకటి.

చేతులు ముడుచుకుని కూర్చోలేక, ఆదివారం గంపలో పడే బియ్యం పాటలయ్యగారికి పంపుదామన్నాను. పాదిరిగారు ఒక్క మాట అనకుండా తన పాలు వదులుకున్నారు. పక్క పల్లెలకి కబురు వెళ్ళింది. వాళ్ళూ తెచ్చారు. హంసలదీవి పల్లెకారులకి మా గంపతో సంబంధం లేదు, అయినా ఒక బుట్టెడు ఎండు సావడాలు తెచ్చి మా గుమ్మంలో దించారు. "అయ్యగారు పోయినేడు మా కాడ కథ చెప్పి, ఈటి పులుసుతో అన్నం తిన్నారండి. బలం వస్తాది" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. జ్వరం మనిషి ఎండుచేప తినకూడదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

బియ్యం, చేపల బుట్ట, కార్డుల కట్ట తీసుకుని నేనూ మామ్మా బయల్దేరాం. కార్డులు నేనే రాశాను. రాత రానివాళ్ళు బడి వరండాలో వరసగా కూర్చుని చెప్పారు, నేను చెప్పింది చెప్పినట్టు రాశాను. "మా గేదె చూడితో ఉంది, ఈస్టరు నాటికి ఈనుతుంది. జున్ను మీకోసం అట్టే పెడతాను. మీరు రాకపోతే అది చెడిపోయిన పాపం మీదే." "అయ్యగారూ, పోయినసారి మీరు కథలో మా ఆయన్ని వేళాకోళం చేశారు. తాగడం మానేశాడు. మళ్ళీ వచ్చి చూసి పోండి." పదేళ్ళ పిల్ల ఒకతె, "మీ ఫిడేలు బూజు పట్టకుండా అమ్మగారిని తుడవమనండి" అని రాయించింది.

ఏరు బల్లకట్టు మీద దాటి, చల్లపల్లి మీదుగా బండిలో బందరు చేరేసరికి మధ్యాహ్నమయింది. ఆసుపత్రి మేడ మీది వరండాలో అమ్మగారు మమ్మల్ని చూసి లేచింది. సగమైపోయింది మనిషి. లోపలికి చూశాను. గోడ వైపు తిరిగి పడుకున్న ఒక సన్నటి వీపు కనిపించింది. ఆ వీపు ఆయనదని తెలియడానికి నాకు కొంత సేపు పట్టింది.

"మాట్లాడొద్దన్నారు. రెండు నెలలు గొంతు కదపకూడదట. మాట్లాడొద్దంటే ఈయన చూడ్డం కూడా మానేశారు. గోడకేసి తిరిగితే తిరిగినట్టే" అంది అమ్మగారు. "గొంతు పోయిందని ఆయన తీర్మానించేసుకున్నారు."

అప్పుడు నర్సమ్మ వచ్చింది. గుడివాడ వైపు విశ్వాసుల ఇంటి పిల్ల. పాటలయ్యగారి కథలు వింటూ పెరిగింది. మా మూట విప్పి, గుప్పెడు బియ్యం తీసి వాసన చూసి, ఒక గింజ కొరికింది.

"కొత్తవి కదండీ ఇవి?"

మొన్న నూర్చిన వడ్లు. కూలికి గింజలుగా వచ్చినవి. కొత్తవి కాక మరేమిటి.

"ఇప్పుడిప్పుడే జావ తాగుతున్నారండి. ఆ పేగులు కొత్త బియ్యం ఓర్చుకోలేవు. పాతవి కావాలి. ఏడాది దాటినవయితే మంచిది" అంది నర్సమ్మ. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా సిగ్గేసింది. పత్యానికి పాత బియ్యం పెట్టాలని డెల్టాలో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. మామ్మకి తెలుసు, నాకు తెలుసు, మూటలో బియ్యం పోసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రేమ తొందరలో ఒక్కరికీ తట్టలేదు. ఎండుచేపల బుట్ట గురించి ఆ పిల్ల ఏమీ అనలేదు. దాన్ని మెల్లగా కిటికీ అవతలికి జరిపింది.

"మా ఇళ్ళల్లో బియ్యానికి పాతబడే తీరికెక్కడిదే అమ్మా" అంది మామ్మ, మెట్టు మీద కూలబడి.

అదే మెట్టు దగ్గర గొడుగు మడిచి నిలబడ్డ ఒకాయన ఆ మాట విన్నాడు. బందరు హైస్కూల్లో తెలుగు చెప్పే మేష్టారు. నుదుట బొట్టు, భుజాన ఉత్తరీయం. పాటలయ్యగారి పాటల్లో ఛందస్సు తప్పులు వెతుకుతూ వెతుకుతూ ఆయన అభిమాని అయిపోయానని తనే చెప్పుకున్నాడు. రోజూ బడి వదిలాక వచ్చి, వరండాలోంచే క్షేమం కనుక్కుని వెళ్తాడట.

"మామ్మగారూ, మా ఇంట్లో రెండేళ్ళ నాటి అక్కుళ్ళ బియ్యం ఉన్నాయి. అవి తెస్తాను. మీ కొత్తవి నాకివ్వండి. మా అమ్మకి కొత్త బియ్యంతో పరమాన్నమంటే ప్రాణం" అన్నాడు.

మామ్మ తల ఎత్తి ఆయన్ని నిదానంగా చూసింది. "మా పల్లె బియ్యం అండి. మీ అమ్మగారు ముట్టుకుంటారా?"

"ఆవిడ ఇన్నాళ్ళూ తిన్నది ఎవరు నాటి ఎవరు కోసిందో నాకు తెలుసు మామ్మగారూ. ఆవిడ అడగదు. నేను చెప్పను."

"అయితే మీరూ ఒక అబద్ధం ఆడతారన్నమాట" అంది మామ్మ, నా వైపు చూడకుండా.

"చెప్పకపోవడం అబద్ధమేనా?"

"మా పంతులమ్మని అడగండి. ఆవిడకి ఆ సంగతులు బాగా తెలుసు."

నా చెవులు కాలిపోయాయి. మేష్టారికి అర్థం కాలేదు, నవ్వి ఊరుకున్నాడు.

ఆ రోజు మొదలు ప్రతి వారం మా కొత్త బియ్యం మేష్టారింటికి, వాళ్ళ పాత బియ్యం ఆసుపత్రికి వెళ్ళేవి. మాది నలభై ఇళ్ళ పిడికిళ్ళ కలగాపులగం. ఒక గింజ సన్నం, ఒకటి లావు, ఒకటి ఎరుపు. అలాంటి బియ్యంతో పరమాన్నం ఎలా కుదిరిందో మేష్టారు ఎన్నడూ చెప్పలేదు. వారం తప్పకుండా మూట మాత్రం అడిగి తీసుకునేవాడు. ఆ మూట చూసినప్పుడల్లా నాకు రాయి పాటలోని ఆడవాళ్ళు గుర్తొచ్చేవారు. వాళ్ళు మోసుకెళ్ళిన సుగంధ ద్రవ్యాలూ పనికి రాలేదు. వాళ్ళు వెళ్ళేసరికి పూయాల్సిన దేహమే అక్కడ లేదు. అయినా వాళ్ళ నడక వృథా అయిందని సువార్తలో ఎక్కడా రాసి లేదు. పనికిరాని కానుక పట్టుకుని వెళ్ళినవాళ్ళకే ఆ మొదటి కబురు దొరికింది.

పాత బియ్యపు జావ పనిచేసింది. పాటలయ్యగారు లేచి కూర్చున్నారు, రెండడుగులు వేశారు అని అమ్మగారు కార్డులు రాసేది. కాని ప్రతి కార్డు చివరా ఒకటే మాట: గోడకేసే చూస్తున్నారు, ఫిడేలు మంచం కింద పెడితే కాలితో ఇంకా లోపలికి తోసేశారు. రెండు నెలలు నిండాక డాక్టరమ్మ గొంతు చూసి, వాపు పోయింది, ఇక మెల్లగా మాట్లాడవచ్చు అంది. ఆయన మాట్లాడలేదు.

ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందు శనివారం మా సంఘం సంఘమంతా బందరు బయల్దేరింది. చూసి ఒక్క పాట పాడి వద్దామని మామ్మ అంది. ముప్పై మందికి పైగా అయ్యాం. నర్సమ్మ గుంపుని చూసి హడలిపోయింది.

"ఇంతమంది లోపలికి కుదరదండి. ఇంకా రోగులున్నారు కదా. కిటికీ కింద చెట్టు నీడన కూర్చోండి. మెల్లగా పాడండి."

కూర్చున్నాం. పక్క మంచాల రోగులు కిటికీల దగ్గరికి చేరారు. మేష్టారు గొడుగుతో వచ్చి దూరంగా నిలబడ్డాడు. మామ్మ ఎత్తుకుంది. రాయి పాట.

పల్లవి బాగానే నడిచింది. మొదటి చరణం మొదలుపెట్టాం. అది ఆయన పాట, పైన ఉన్నది ఆయన, మాకు గుండె నిండిపోయింది. గుండె నిండితే మేం ఏం చేస్తామో అదే చేశాం. చరణం చివర సాగదీశాం. మామూలుగా కాదు, ఏరు దాటి వచ్చిన దూరమంతా అందులో పోసి సాగదీశాం.

అప్పుడు పైనుంచి చప్పుడు వచ్చింది. టక్. ఇనప మంచం కమ్మీ మీద గ్లాసు దెబ్బ. కాసేపాగి మళ్ళీ టక్, టక్, టక్. కోపంగా ఉన్న తాళం. మేం పాట ఆపేశాం. తాళం ఆగలేదు. ఆది తాళం, రెండావర్తాలు, ఎక్కడా గింజంత తేడా లేకుండా కొట్టి ఆగింది.

అమ్మగారు కిటికీలోంచి తొంగి చూసింది. చేతులు ఊపింది. కాసేపటికి నర్సమ్మ మెట్లు దిగి పరుగున వచ్చింది. చేతిలో పలక.

"అయ్యగారు రాశారండి. చదవమన్నారు."

వణుకుతున్న అక్షరాలు. నేను గట్టిగా చదివాను. "రాయి కదలలేదు. బండి దిగబడింది. మళ్ళీ మొదట్నుంచి."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. సంఘపెద్ద కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మామ్మ కిటికీ వైపు మెడ ఎత్తింది.

"గొంతు పోయినా నోరు పోలేదు ఆయనకి" అంది.

మళ్ళీ మొదలుపెట్టాం. పైన గ్లాసు తాళం వేస్తోంది. దాని వెంట పరిగెత్తాం. తప్పాం. మళ్ళీ పలక దిగింది. "ఆడవాళ్ళు నడుస్తున్నారా, నిద్రపోతున్నారా? రెండో చరణం." మళ్ళీ. ఈసారి పలక మీద, "మామ్మ అందరికన్నా ముందే సమాధి చేరిపోయింది. మిగతావాళ్ళ కోసం ఆగమనండి." మామ్మ ఆ మాట విని పొంగిపోయింది. మధ్యాహ్నమంతా అలా గడిచింది. ఎన్ని పలకలు దిగాయో లెక్కలేదు. ఓదార్చడానికి వెళ్ళినవాళ్ళం, పాఠం చెప్పించుకుంటూ కూర్చున్నాం. పొద్దు వాలే వేళకి మూడో చరణం చివర, మా జన్మలో మొదటిసారి, మేమంతా ఒక్క దెబ్బన ఆగాం. పైన గ్లాసు కూడా ఆ దెబ్బనే ఆగింది.

తలెత్తి చూస్తే కిటికీలో ఆయన నిలబడి ఉన్నారు. మాసిన గడ్డం, గుంటలు పడ్డ కళ్ళు. కుడిచేతిలో కంచు గ్లాసు. ఆయన మాట్లాడలేదు. గ్లాసు ఎత్తి మాకు చూపించారు. ఆ చూపులో పాత వేళాకోళమంతా ఉంది.

తిరుగు ప్రయాణంలో అందరూ నన్ను చూసి, "పంతులమ్మ మాట నిజమయ్యేట్టుంది" అన్నారు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన గోడ వదిలి ఇటు తిరిగినందుకు సంతోషం కాలవలా పొంగుతోంది, దాని అడుగున ఆ అబద్ధం రాయిలా ఉంది. దాన్ని ఎవరు దొర్లిస్తారని ఎదురు చూడటం తప్పని నాకు ఆ బండిలో తెలిసింది. ఈ ఒక్క రాయి నేనే దొర్లించుకోవాలి.

శుభ శుక్రవారం మధ్యాహ్నపు ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచాను. "ఈస్టరుకు అయ్యగారు పాడతారని దేవుడు నాతో చెప్పాడన్నాను. దేవుడు చెప్పలేదు. నాకు కావాలనిపించింది, దేవుడి పేరు పెట్టాను. ఆయన పాడినా పాడకపోయినా ఆ తప్పు తప్పే. మీరూ దేవుడూ నన్ను క్షమించాలి" అన్నాను. కొత్త కుటుంబాల వైపు చూసి మరీ చెప్పాను.

వాళ్ళలో ఒకాయన, ఉప్పు కొటార్లలో పని చేసే మనిషి, మెల్లగా లేచాడు. "మేం పాట కోసం మారలేదులే పంతులమ్మగారూ. కూచోండి" అన్నాడు. సంఘపెద్ద నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

బయటికొచ్చాక మామ్మ నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. "నాకు ఆ బుధవారమే తెలుసే. దేవుడు మాట్లాడాలనుకుంటే శ్రుతి ఉన్న గొంతు చూసుకుంటాడు గాని, నీ గొంతుతో ఎందుకు మాట్లాడతాడు?"

నేను నవ్వాను. చాలా వారాల తర్వాత నా గుండె తేలికయింది. ఇక ఆయన రాకపోయినా ఫరవాలేదు అనుకున్నాను. రావాలని మాత్రం ఇంకా గట్టిగా అడిగాను. ఈసారి అడిగాను, చెప్పలేదు.

ఈస్టరు పొద్దున, ఎండ గుడి గుమ్మం దాకా వచ్చిన వేళ, ఆరాధన మొదలు కాబోతుంటే బండి గజ్జెల చప్పుడయింది. ముందు రోజే బందరులో బయల్దేరి, రాత్రి చల్లపల్లిలో ఆగి వచ్చారట. అమ్మగారు ముందు దిగింది. వెనక నర్సమ్మ, సెలవు పెట్టుకుని వచ్చింది. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకోగా పాటలయ్యగారు దిగారు. పట్టుగుడ్డలో చుట్టిన ఫిడేలు మేష్టారి చేతిలో ఉంది. మేష్టారు మా గుడి గుమ్మం దాటి లోపలికి రావడం అదే మొదలు. ఫిడేలు పడిపోతుందని భయపడుతూ, ఎక్కడ అడుగు పెడుతున్నాడో చూసుకోకుండానే లోపలికి వచ్చేశాడు.

నర్సమ్మ అందరికీ వినబడేలా చెప్పింది. "డాక్టరమ్మ వాయించుకోమంది గాని ఇప్పుడే పాడొద్దంది. ఎవరూ పాడమని అడక్కండి. మీకు దణ్ణం పెడతాను."

ఎవరూ అడగలేదు. ఆయన బల్ల ముందు చాప మీద కూర్చుని ఫిడేలు శ్రుతి చేసుకున్నారు. కమాను పైకెత్తి మా వంక ఒక్క చూపు చూశారు. రాయి పాట మొదలుపెట్టాం.

అలా మేం ఎప్పుడూ పాడలేదు. పల్లవిలో ఆ ఆడవాళ్ళ దిగులు. మొదటి చరణంలో నడక. రెండో చరణంలో ఇంకొంచెం చురుకు. ఎవరూ సాగదీయలేదు. మూడో చరణం చివర ఒక్క దెబ్బన ఆగాం. ఆయన కమాను మా వెంట రాలేదు, మేం దాని వెంట వెళ్ళలేదు, రెండూ పక్కపక్కన నడిచాయి.

ఆఖరి చరణం ముందు ఫిడేలు ఆగింది. ఆయన ఫిడేలు చాప మీద పెట్టి, నేల మీద చెయ్యి ఆన్చి లేవబోయారు. నర్సమ్మ ఒకడుగు ముందుకేసింది. అమ్మగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన నిలబడ్డారు. నోరు తెరిచారు.

గొంతు వచ్చింది. మాకు తెలిసిన గొంతు కాదు. పైకి ఎగిరి కొబ్బరాకుల్ని తాకే ఆ పాత గొంతు కాదు. రెండు శ్రుతులు కింద, బొంగురుగా, తడి ఆరని మట్టిలా ఉన్న గొంతు. అయినా తాళం తప్పలేదు. రాయి దొర్లి ఉందని మెల్లగా, స్పష్టంగా చెప్పింది.

మేం అలవాటు కొద్దీ పాత శ్రుతిలో అందుకున్నాం. ఆయన కిందా మేం పైనా అయ్యాం. ఒక్క క్షణం గుడి గుడంతా అపశ్రుతి. అప్పుడు మామ్మ తన గొంతు తగ్గించింది. ఎనభై ఏళ్ళ ముసలిది, అందరికన్నా ముందు పరిగెత్తేది, ఆగి ఆయన దగ్గరికి దిగివచ్చింది. ఆమె వెంట సంఘపెద్ద దిగాడు. ఉప్పు కొటార్ల మనిషి దిగాడు. మేమంతా దిగాం. గోడ దగ్గర నిలబడ్డ మేష్టారి పెదవులు కూడా కదలడం నేను చూశాను. ఆయన గొంతు చుట్టూ మా అందరి గొంతులు చేరి, ఆ చిన్న గొంతుని ఎత్తి పట్టుకున్నట్టు, ఆ చరణం ఆఖరి మాట దాకా వెళ్ళాం. ఒక్క దెబ్బన ఆగాం.

ఆయన మా వైపు చూశారు. "మూడో రోజునే లేచాడు" అన్నారు. చాలా నెలల తర్వాత ఆయన నోట మేం విన్న మొదటి మాట అది.

జున్ను పెడతానన్న ఆవిడ ముంత పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. గేదె ఈనింది ముందు రోజే. నర్సమ్మ వద్దనబోయి, ఆయన ముఖం చూసి, చిన్న ముక్క అంది. ఆ ఆదివారం గంపలో పడిన బియ్యాన్ని పాదిరిగారింటికి పంపుదామంటే పాదిరిగారే ఒప్పుకోలేదు. అప్పటికప్పుడు పెద్ద బానలో ఎసరు పెట్టించారు. అన్ని ఇళ్ళ గింజలూ కలిసి ఉడికిన ఆ అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉంది. మేష్టారు మా వరసలోనే కూర్చుని తిన్నాడు. వాళ్ళమ్మ అడగదని తెలుసు గనక, ఎవరూ ఏమీ అనలేదు.

పాటలయ్యగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు పాడారు. గొంతు మెల్లగా కొంత పైకి లేచింది గాని పాత ఎత్తుకి చేరలేదు. ఆయనకి ఆ దిగులు లేదు. ఆయన కథలకి జనం ముందుకన్నా ఎక్కువ వచ్చేవారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళి ఇప్పటికి చాలా కాలమయింది. మామ్మా వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా గుడిలో పెద్ద హార్మోనియం ఉంది. చదువుకున్న కుర్రవాళ్ళు వాయిస్తారు. ఈస్టరు పొద్దున ప్రతిసారీ కొత్తగా వచ్చినవాడెవడో, పాట నీరసంగా ఉందని, రాయి పాట శ్రుతి పెంచి ఎత్తుకుంటాడు. సంఘం అతని వెంట పైకి రాదు. అతను ఒక్కడే పైన పాడుతూ ఉంటాడు. కాసేపటికి అర్థమై, మెట్లు దిగినట్టు ఒక్కొక్క మెట్టు దిగి, మా దగ్గరికి వస్తాడు. ఆ శ్రుతి ఎవరిదో అతనికి తెలియదు. ఆరాధన అయ్యాక నేను పిలిచి చెబుతాను.